మూరన్నర నీళ్ళకి మూడు లక్షల ఎనభై నాలుగు వేలు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్ జిల్లా పేజీల్లో ఒక ఫోటో వేసినారు. ఏటి ఇసకలో బానెట్ దాకా దిగబడిన ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే) బండి, దానికి తాడు కట్టి లాగతా ఉండే ట్రాక్టరు, గట్టు మీద సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనం, కింద 'ఆకతాయిల సరదా' అని రెండు లైన్లు. ఆ బండి నాది కాదు. కానీ పోయిన నవంబర్లో అచ్చం అట్లాంటి ఫోటోలోనే నేనూ పడాల్సినోడ్ని, మా అదృష్టం కొద్దీ ఆ పొద్దు ఆ వంక దగ్గరికి మీ విలేకరి ఎవరూ రాలేదు. ఆకతాయిలు అని రాసేస్తే మీ పని అయిపోయింది, తర్వాత ఆ బండి ఏమైతాది, రిపేరు దుడ్లు ఎవరు కడతారు అనేది మాత్రం ఎవరూ రాయరు, అది అనుభవించినోడ్ని కాబట్టి నేను రాస్తా ఉండా, కొంచెం పొడుగైతే ఏమనుకోవద్దు.

తిరుపతిలో నాకు మోటార్ రివైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు, మోనోబ్లాకులు, ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని. నీళ్ళకీ మోటారుకీ మధ్య వచ్చే గొడవలు తీర్చి బతికేవాడు నీళ్ళలో ఇంజిన్ పోగొట్టుకున్నాడంటే మా వీధిలో ఎన్ని జోకులు పేలినాయో మీరే అనుకోండి. బండి ఏ కంపెనీదో రాయను, రాస్తే మాటంతా ఆ కంపెనీ మీదికి పోతాది, నేను చెప్పేది అన్ని కంపెనీల బండ్లకీ ఉండే సంగతి. డీజిల్ బండి, కొని పద్నాలుగు నెలలు, ఇంకా రెండేళ్ళకి పైన వారంటీ ఉండాది, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి.

తలకోన పోయి వస్తా వస్తా భాకరాపేట దగ్గర మా ఆవిడ తరఫు చుట్టాల పల్లెకి పోదామని లోపలికి తిరిగినాం. వంక మీద కాజ్‌వే పైనించి నీళ్ళు పోతా ఉండాయి. స్టీరింగ్ మా బామ్మర్ది చేతిలో ఉండాది. ఆపి చూస్తా ఉంటే గడ్డి ట్రాక్టరొకటి దబదబా దాటుకోని పోయింది, ఇంక మావాడు ఆగతాడా, "ట్రాక్టర్ పోతే మనది పోదా బావా, ఇది ఫోర్ బై ఫోర్" అన్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పాల. ట్రాక్టర్‌కి పొగ గొట్టం మీదికి నిక్కబొడుచుకోని ఉంటాది, శానా ట్రాక్టర్లకి గాలి పీల్చే మూతి కూడా బానెట్ మీదే ఎత్తుగా ఉంటాది. మన కార్లకి ఆ మూతి ముందర గ్రిల్లు ఎనకాల, హెడ్‌లైట్ పక్కన ఎక్కడో దాక్కోని ఉంటాది. బండి ఎంత ఎత్తుంది, టైర్లు ఎంత లావున్నాయి అనేది కాదు లెక్క, ఆ మూతి ఎంత ఎత్తులో ఉంది అనేదే లెక్క. ఇది నాకు తెలుసు, తెలిసీ గమ్మున కూర్చున్నా.

మొదటిసారి మెల్లగా దాటినాం, ఏం కాలేదు. అక్కడితో ఆగింటే ఈ లెటర్ లేదు. "ఇంకొక్కసారి బావా, పాప వీడియో తీస్తాది" అని తిప్పినాడు. నేను వద్దనలేదు, ఇది ఒప్పుకోవాల. ఈసారి స్పీడుగా దించినాడు, నీళ్ళు రెండు రెక్కల మాదిరి లేస్తాయి కదా రీల్స్‌లో, అట్ట లేవాలని. రెక్కలేమో లేచినాయి, దాంతోపాటు బండి ముందర అల మాదిరి ఒక గోడ లేచి బానెట్ ఎక్కేసింది. గడ్డపార బండరాయికి తగిలినట్టు ఒక్క శబ్దం, అంతే, ఇంజిన్ ఆగిపోయింది. నీళ్ళు ముందు చక్రాల సగం దాకా ఉండాయి. అందరికీ భయం, మా ఆవిడ తిట్లు, ఆ గాబరాలో నేనే అన్నాను "రేయ్, ఇంకోసారి కొట్టు" అని. కొట్టినాడు. కిర్రుమని ఆగిపోయింది. మళ్ళీ కొట్టినాడు. ఈ రెండుసార్ల సంగతి కింద మళ్ళీ వస్తాది.

లోపల ఏం జరుగుతుందో తెలీనోళ్ళకి చెప్తా. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలిని నలిపి నలిపి చిన్న జాగాలోకి తోస్తాది, గాలి నలుగుతాది కాబట్టి సరిపోతాది. నీళ్ళు నలగవు. నాలుగు సిలిండర్ల రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్ అనుకుందాం, సిలిండర్‌కి ఐదొందల సీసీ, కంప్రెషన్ పదహారుకి ఒకటి అయితే పిస్టన్ పైకొచ్చినాక మిగిలే జాగా ముప్పై మూడు మిల్లీలీటర్లు. మన టీ బంకులో ఇచ్చే చిన్న కప్పులో సగం. అంతకన్నా ఎక్కువ నీళ్ళు ఒక సిలిండర్లోకి పోయినాయంటే పిస్టన్ పోవడానికి తావు లేదు, తిరిగే బరువంతా వచ్చి పిస్టన్‌ని కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్డు మీద పడతాది, అది వంగతాది, లేదా విరిగి బ్లాకునే పగలగొడతాది. పెట్రోల్ ఇంజిన్‌లో ఆ జాగా కొంచెం ఎక్కువ కాబట్టి ఒక్కోసారి బతికి బయటపడతాది. డీజిల్‌కి ఆ కనికరం లేదు. దీన్నే హైడ్రోలాక్ అంటారు.

అదే ట్రాక్టరాయన వెనక్కొచ్చి లాగినాడు, ఎనిమిది వందలు తీసుకున్నాడు, పోతా పోతా "సదువుకున్నోళ్ళు కదా సామీ" అని ఒక మాట కూడా వేసి పోయినాడు.

మరుసటి రోజు లారీ మీదేసుకోని సర్వీస్ సెంటర్‌కి తెచ్చినాం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీస్తే ఫిల్టర్ పిండితే నీళ్ళు కారేట్టు ఉండాది, డబ్బా అడుగున ఇసక, ఒక వేపాకు. ఇంజెక్టర్లు ఊడదీసి ఇంజిన్ తిప్పితే మూడో సిలిండర్ రంధ్రంలోనించి నీళ్ళు షెడ్డు రేకులకి తగిలేట్టు కొట్టినాయి. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలెక్కువైన టీ రంగు, అంటే ఆయిల్లో నీళ్ళు కలిసినాయి. తర్వాత హెడ్డు విప్పినప్పుడు నేను షాపు నుంచి నా వెర్నియర్ (సన్న కొలతలు తీసే స్కేలు) తీసుకోని పోయినా, మిగతా మూడు పిస్టన్లు పైకొచ్చినప్పుడు బ్లాకుతో సమానంగా వస్తా ఉండాయి, మూడో సిలిండర్‌ది మాత్రం రెండున్నర మిల్లీమీటర్లు కిందే ఆగిపోతా ఉండాది. రాడ్డు వంగిన లెక్క అది. కంటికి చూస్తే బాగానే ఉన్నట్టు ఉంటాది, బల్ల మీద పెడితే ఊగుతాది.

ఎస్టిమేటు మూడు లక్షల ఎనభై నాలుగు వేలు. ఒక్క రాడ్డు వాళ్ళు మార్చరంట, బ్లాకు, పిస్టన్లు, రాడ్లు ఉండే ఇంజిన్ కింది సగం సెట్టు మొత్తం మార్చాలంట.

ఇప్పుడు వారంటీ. కౌంటర్ దగ్గర అబ్బాయి పాపం మంచోడే, "సార్, వాటర్ ఎంట్రీ వారంటీలో రాదు సార్" అని ఒక్క మాటలో చెప్పేసినాడు. తయారీలో తప్పుంటేనే వారంటీ, బయటినుంచి నీళ్ళు పోతే అది వాడినోడి తప్పు. న్యాయంగా ఆలోచిస్తే అది సరైందే, నేనూ రివైండింగ్ చేసిన మోటార్‌కి ఆరు నెలల గ్యారంటీ ఇస్తా, కస్టమర్ నీళ్ళు లేకుండా డ్రై రన్ చేసి కాల్చుకోని వస్తే ఒప్పుకోను. కానీ ఒకటి. నేను మోటార్ అమ్మేటప్పుడు ఎండిన బోర్లో తిరిగే మోటార్ బొమ్మ గోడ మీద వేసి అమ్మను కదా. ఈ బండి కొనేటప్పుడు షోరూంలో టీవీలో ఏం తిరగతా ఉండాదో నాకు గుర్తుంది, బండి నదిలో దూకతా ఉండాది, నీళ్ళు బానెట్ మీదినుంచి పోతా ఉండాయి, వెనకాల డప్పులు. కింద ఈగ రెక్కంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదో రాసి ఉండాది, నిపుణులతో తీసింది, మీరు చేయొద్దు అని. తెలుగులో మాట్లాడే యాడ్‌కి ఆ హెచ్చరిక మాత్రం ఇంగ్లీషులో ఎందుకు?

దీనికి రూల్ కూడా ఉందని తర్వాత తెలిసింది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది, అందులో హెచ్చరిక ఏ భాషలో యాడ్ ఉంటే ఆ భాషలోనే ఉండాలని, అక్షరాలు కూడా అసలు మాటకి వాడిన అక్షరాల మాదిరే ఉండాలని స్పష్టంగా రాసినారు. పైన పెద్దగా ఒకటి చెప్పి కింద చిన్నగా దాన్ని కొట్టేసే పని చేయకూడదని కూడా ఉంది. 2019 వినియోగదారుల చట్టం కింద మొదటిసారి తప్పుకి పది లక్షల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 1915కి ఫోన్ చేసి ఎవరైనా ఫిర్యాదు చెప్పొచ్చు, ఫ్రీ. నేను చేసినా, నంబర్ ఇచ్చినారు, చూద్దాం.

యాడ్ ఒక పక్క, బండి గురించి కంపెనీ చెప్పే లెక్క ఇంకో పక్క. ఎంత లోతు నీళ్ళలో పోవచ్చు అనేది కంపెనీలే చెప్తాయి, థార్‌కి 650 మిల్లీమీటర్లు, గూర్ఖాకి 700, కోటి రూపాయల డిఫెండర్‌కి 900. వీటి మీద నాకేం కోపం లేదు, లెక్క చెప్పడానికి రాసినా. 650 అంటే మన కొలతలో మూరన్నరకి కొంచెం తక్కువ. కానీ ఆ లెక్క నిలకడ నీళ్ళకి, మనిషి నడిచినంత మెల్లగా పోతే. పారే వంకలో, స్పీడులో, ఆ మూరన్నర బానెట్ దాకా లేస్తాది, నా మాదిరి. ఇంకోటి, మన స్వర్ణముఖి చూడండి, తొండవాడ కాడనించి శ్రీకాళహస్తి దాకా ఎక్కడ ఇసక తోడిన గుంత ఉందో ఎవరికి తెలుసు, నిన్న మోకాలు లోతు ఉండే చోట ఈరోజు నడుము లోతు ఉంటాది. పైనించి చూస్తే రెండూ ఒకే రంగు నీళ్ళు.

ఇంక ఇన్సూరెన్స్, అసలు కథ ఇక్కడే. నాది బంపర్ టు బంపర్. మన ఊర్లో అందరూ అనుకునేది ఏందంటే బంపర్ టు బంపర్ అంటే ముందు బంపర్ నుంచి వెనక బంపర్ దాకా ఏం పోయినా వాళ్ళే కడతారు అని, పేరు కూడా అట్టే పెట్టినారు కదా. కాదు. అది జీరో డిప్రిసియేషన్, అంతే. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకి సగం కోస్తారు, ఇనుముకి బండి వయసు బట్టి కోస్తారు, ఆ కోత లేకుండా ఇస్తారు. ఇంజిన్‌లోకి నీళ్ళు పోతే దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని వేరే యాడ్ ఆన్ ఉంది, అది విడిగా కట్టాల. నా బండికి రెన్యువల్ కాగితంలో ఆ లైను ఉంది, నాలుగు వేల లోపు, పక్కన ఇంటూ మార్కు. ఎవరు కొట్టినారు ఆ ఇంటూ? నేను కొట్టలేదు, నన్ను అడగలేదు. ఏజెంటు ప్రీమియం తక్కువ కనపడాలని తీసేసింటాడు, నేను కూడా తక్కువైందని సంతోషపడి సంతకం పెట్టినా.

నష్టం లెక్క కట్టేదానికి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినాడు. ఫోటోలు తీసినాడు, ఫిల్టర్ డబ్బా చూసినాడు, సీట్ల కింద తడి చూసినాడు. తర్వాత ఒకే ఒక ప్రశ్న అడిగినాడు, "ఆగినాక మళ్ళీ స్టార్ట్ చేసినారా?" అని. మా బామ్మర్ది నా చెయ్యి గిల్లినాడు. నేను రెండుసార్లు అని చెప్పినా. ఇంట్లో ఇప్పటికీ ఆ మాటకి నన్ను తిడతా ఉండారు.

పాలసీ కాగితంలో వరదలు, ముంపు, తుఫాను అన్నీ కవర్ అనే రాసి ఉంటాది. దాని కిందే పర్యవసాన నష్టం (మొదటి దెబ్బ వల్ల తర్వాత జరిగే నష్టం) ఇవ్వం, మెకానికల్ బ్రేక్‌డౌన్ ఇవ్వం అని రాసి ఉంటాది. ఇంకొంచెం కింద షరతుల్లో, చెడిపోయిన బండిని బాగు చేయకుండా మళ్ళీ నడిపితే ఆ పెరిగిన నష్టం నీదే అని ఉంటాది. ఈ మూడూ కలిపి చదివితే తడిసిన సీట్లు ఇస్తారు, కార్పెట్ ఇస్తారు, ఇంజిన్ ఇవ్వరు. నాకు వచ్చింది పద్దెనిమిది వేల చిల్లర, అందులో 1500 సీసీ దాటిన బండికి ప్రతి క్లెయిమ్‌లోనూ తప్పకుండా కోసే రెండు వేలు పోయినాయి. రాడ్డు వంగింది మొదటి దెబ్బకా, నేను కొట్టించిన రెండో మూడో దెబ్బకా, అది బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. దెబ్బ ఎప్పుడైనా బిల్లు మాత్రం నాదే.

సరే, నేను సరదాకి దించినా, నేను కట్టుకుంటా. దీనిమీద నాకు గొడవ లేదు. ఇంకా చెప్పాలంటే రీల్ కోసం వంకలో దించినోడి ఇంజిన్‌కి అందరి ప్రీమియంలో నుంచి దుడ్లు ఇస్తే అదీ అన్యాయమే. నాకు మండేది ఇంకో దగ్గర.

2021 నవంబర్ వాన గుర్తుందా? స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమో అని ఊర్లు ఖాళీ చేయించి, మన తిరుపతిలో అండర్ బ్రిడ్జిలన్నీ బావులైపోయినాయి కదా. అప్పుడు మా వీధిలో ఒక రిటైర్డ్ టీచర్ గారి చిన్న కారు ఇంటి ముందరే నిలబెట్టింది నిలబెట్టినట్టే మునిగింది. ఆయన ఏ వంకలోకీ పోలేదు, ఏ వీడియో తీయలేదు. నీళ్ళు తీసినాక మూడో రోజు పొద్దున, పాపం ఆయనకేం తెలుసు, సెల్ఫ్ కొట్టినాడు. ఇంజిన్ పట్టేసింది. ఆయనకి కూడా అచ్చం నాకు వచ్చిన లెటరే వచ్చింది, అదే పర్యవసాన నష్టం, అదే షరతు. సరదాకి మునిగినోడికీ, ఇంట్లో ఉండి మునిగినోడికీ ఒకటే లైనులో జవాబు. ఆయన పెన్షన్‌లో నుంచి తొంభై వేలు కట్టినాడు. అప్పుడు నేను కూడా "ఏం సార్, తెలీకుండా ఎందుకు కొట్టినారు" అని ఆయనకే నీతులు చెప్పొచ్చినా, సిగ్గుగా ఉండాది ఇప్పుడు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. ఇంజిన్ కవర్ అనేది పాలసీలో ముందే ఉండాల, వద్దనుకున్నోడు "నాకొద్దు, నీళ్ళు పోతే నేనే కట్టుకుంటా" అని తెలుగులో రాసిన లైను కింద విడిగా సంతకం పెట్టాల. ఇప్పుడు తలకిందులుగా ఉంది, కావాలన్నోడు అడగాల, కావాలని ఎవడికి తెలుసు? అట్టే నీళ్ళలో దూకే యాడ్‌తో బండి అమ్మే షోరూం తాళాలు ఇచ్చే పొద్దు ఒక తెలుగు కాగితం ఇవ్వాల. ఎంత లోతు, ఎంత స్పీడు, ఆగితే ఏం చేయాల, నీళ్ళు పోతే వారంటీ రాదు, ఈ నాలుగు ముక్కలే. పూల బొకే ఇస్తారు, కేక్ కోయిస్తారు, బండి మీద గుడ్డ కప్పి లాగిస్తారు, ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంటారు. ఒక కాగితానికి ఏమొచ్చింది?

ఆగితే ఏం చేయాల అనేది ఇక్కడే చెప్పేస్తా, మనకి వంకలు పొంగే వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా. నీళ్ళలో బండి ఆగితే తాళం ముట్టొద్దు. బటన్ స్టార్ట్ అయితే బటన్ ముట్టొద్దు. మనుషులు ముందు దిగిపోవాల, బండి తర్వాత. తోసో లాగో గట్టుకి తెచ్చినాక బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాల, ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీసి ఇన్సూరెన్స్‌కి అక్కడినించే ఫోన్ చేయాల. మెకానిక్ వచ్చి ఎయిర్ ఫిల్టర్ చూసి, ఇంజెక్టర్లు గానీ ప్లగ్గులు గానీ తీసి నీళ్ళు కక్కించి, ఆయిల్ మార్చినాకే స్టార్టింగ్. ఫోర్ బై ఫోర్ అయితే గేర్ బాక్స్, యాక్సిల్ ఆయిల్ కూడా చూపించండి, వాటికుండే చిన్న గాలి గొట్టాల్లోనించి కూడా నీళ్ళు పోతాయి, అది నాలుగు నెలలకి గానీ బయటపడదు.

క్లెయిమ్ కొట్టేసినారని ఊరుకోనక్కర్లేదు కూడా. ముందు ఆ ఇన్సూరెన్స్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాల, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన రాష్ట్రం ఆయన కిందికే వస్తాది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, యాభై లక్షల దాకా వింటారు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాది లోపల పోవాల. టీచర్ గారు పోయింటే ఏమన్నా వచ్చేదేమో, నాకు ఈ సంగతి తెలిసేటప్పటికి ఆయనకి ఆ ఏడాది ఎప్పుడో దాటిపోయింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయితే రెండేళ్ళు గడువు. అదీ దాటిపోయింది.

నా బండి చివరికి సర్వీస్ సెంటర్లో చేయించలేదు. బయట తెలిసిన భాయ్ ఒకాయన ఉన్నాడు, రాడ్లు నాలుగూ, బేరింగులు, గ్యాస్కెట్ కిట్టు వేసి, హెడ్డు లేత్ షాపులో స్కిమ్మింగ్ (అడుగు చదును) చేయించి లక్షా నలభై ఆరు వేలకి తేల్చినాడు. ఇంజిన్ వారంటీ పోయినట్టే, అది తెలిసే చేయించినా. బండి బాగానే తిరగతా ఉండాది, పొద్దున్నే చలిలో ఒక చిన్న టకటక వస్తాది, భాయ్ ఏం కాదన్నా అంటాడు.

ఇంట్లో ఎవరు కట్టాలనే పంచాయితీ కూడా జరిగింది, అది మా అత్తగారింట్లో. స్టీరింగ్ వాడిది, బండి నాది, మళ్ళీ కొట్టమన్నది నేను, రెండోసారి తిప్పింది వాడు. మా మామగారు విని విని చెరి సగం అన్నాడు. డెబ్బై మూడు వేలు, నెలకి ఐదు వేల చొప్పున ఇస్తానన్నాడు బామ్మర్ది. మూడు కంతులు వచ్చినాయి. నాలుగోది పదో తేదీకి రావాల, ఈరోజు పంతొమ్మిది. మీ పేపర్ వాళ్ళింటికి కూడా వస్తాది కాబట్టి ఈ లెటర్ వేస్తే ఆ ఒక్క మేలన్నా జరుగుతాదని ఆశ.

ఇట్లు
మోటార్ రివైండింగ్ షాపు యజమాని,
తిరుపతి.